చిన్న గదికి టవర్ స్పీకర్లు ఎందుకు వద్దంటున్నానంటే

పోయిన వారం అక్కయ్యపాలెం నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయి చదువుకని బెంగళూరు వెళ్ళింది. ఆ పిల్ల గది ఖాళీ అయింది కాబట్టి, దాన్ని పాటలు వినడానికే ఉంచుకుందామని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారట. "గురూ, టవర్ స్పీకర్లు చూసొచ్చాను. ఒక్కోటి నా నడుము దాకా ఉంది. షాపులో వింటుంటే ఒళ్ళు జలదరించిందనుకో. అడ్వాన్స్ కట్టేయమంటావా?" అన్నాడు.

గది ఎంత ఉంటుందని అడిగాను. "మామూలు బెడ్‌రూమే, తొమ్మిది పన్నెండు" అన్నాడు.

కట్టొద్దన్నాను. ఎందుకని అడిగితే మాత్రం ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. "గది చిన్నది కదా, సౌండ్ ఎక్కువైపోతుంది" అని ఏదో అన్నాను. అది నిజమైన కారణం కాదు. సౌండ్ ఎక్కువైతే వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోతుందిగా. అసలు కారణం వేరే ఉంది. అది నాకు తెలిసి రావడానికి మూడేళ్ళు పట్టింది, డబ్బూ పోయింది. అందుకే వాడికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నా గది, నా టవర్లు

మాది సీతమ్మధారలో మూడో అంతస్తు. వినడానికి ఉంచుకున్న గది పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, ఎత్తు తొమ్మిదిన్నర. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. వైజాగ్ అపార్ట్‌మెంట్లలో మూడో బెడ్‌రూమ్ అంటే ఇంచుమించు ఇంతే.

ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక షోరూమ్‌కి వెళ్ళి, మధ్యాహ్నమంతా కూర్చుని విని, రెండు టవర్లు తెచ్చుకున్నాను. ఒక్కో పెట్టెలో ఆరున్నర అంగుళాల వూఫర్లు (కింది స్వరాలు వాయించేవి) రెండు. ఆ హాలు మా ఫ్లాట్‌లో సగం ఉంటుంది. కింద కార్పెట్, పైన ఫాల్స్ సీలింగ్, స్పీకర్లకి పన్నెండు అడుగుల దూరంలో సోఫా. అక్కడ విన్నది నిజంగానే గొప్పగా ఉంది. అందులో మోసమేమీ లేదు. నేను విన్నది ఆ హాలుని అని మాత్రం అప్పుడు నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మొదటి వారమంతా పండగే. రెండో వారంలో ఒక సంగతి గమనించాను. ఎనభైల నాటి సినిమా పాటల్లో బాస్ గిటార్ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఒక్కో స్వరం మెట్టు దిగుతున్నట్టు దిగుతుంది. మా గదిలో ఆ మెట్లన్నీ ఒక్కలా లేవు. ఒక స్వరం దగ్గరికొచ్చేసరికి గదంతా ఉబ్బిపోయినట్టు అయ్యేది. దాని తర్వాతి స్వరం వినపడీ వినపడనట్టు పోయేది. పాట మారినా, గాయకుడు మారినా ఆ ఉబ్బే స్వరం మాత్రం అదే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కింద ఫ్లాట్ మాస్టారు పైకొచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, నెమ్మదస్తుడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మీరు పెట్టే పాట మాకు వినపడదు బాబూ. వినపడితే మేమూ వింటాం. గోడలోంచి ఆ దుమ్ము దుమ్ము ఒక్కటే వస్తోంది. అదీ ఎప్పుడూ ఒకే శ్రుతిలో వస్తోంది" అన్నారు. క్షమించమని చెప్పి వాల్యూమ్ తగ్గించాను. కానీ ఆయన వెళ్ళాక "ఒకే శ్రుతిలో" అన్న మాట నన్ను వదల్లేదు. నా రోగం పేరు ఆయనే చెప్పి వెళ్ళారు.

570ని భాగించి చూడండి

మన ఊరి వేడికి శబ్దం సెకనుకి సుమారు 1140 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే, ఆ దూరానికి సరిపోయే ఒక స్వరం దగ్గర గది తనంతట తను మోగుతుంది. వేణువు పొడవుని బట్టి దాని శ్రుతి ఉన్నట్టే, గది పొడవుని బట్టి గదికీ శ్రుతి ఉంటుంది. లెక్క సులువు. 570ని గది కొలతతో, అడుగుల్లో, భాగిస్తే ఆ స్వరం హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకి ఎన్ని కంపనాలో, వస్తుంది.

నా గదికి పదకొండు అడుగుల వైపు 52, పది అడుగుల వైపు 57, ఎత్తుకి 60. మూడూ పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. బాస్ గిటార్‌లో మూడో తీగ వేలు పెట్టకుండా మీటితే 55 హెర్ట్జ్. ఇక చెప్పేదేముంది! ఆ తీగ మోగిన ప్రతిసారీ గది కూడా దానితో పాటు మోగుతోంది. దానికంటే కింద ఉన్న తీగ 41 హెర్ట్జ్. దాన్ని మోగించే కొలత నా గదిలో లేదు కాబట్టి అది పీలగా వినపడుతోంది. మాస్టారి ఇంట్లోకి దిగిన దుమ్ము కూడా ఈ 52 నుంచి 60 దాకా ఉన్నదే. గది మూడు కొలతలూ దగ్గర దగ్గరగా, డబ్బాలా ఉంటే ఈ బాధ మరీ ఎక్కువ.

ఇది స్పీకర్ తప్పు కాదు. అదే స్వరాన్ని ఏ స్పీకర్ వాయించినా నా గది అలాగే మోగుతుంది. ఇంత చిన్న గదిలో సుమారు 200 హెర్ట్జ్ కింద పెత్తనమంతా గదిదే. ఆపైన స్పీకర్ది. ఈ ఒక్క సంగతి మొదటే తెలిసి ఉంటే షోరూమ్‌లో నేను అడిగే ప్రశ్నలే వేరుగా ఉండేవి.

ఇక్కడ కూర్చునే చోటు సంగతి కూడా చెప్పాలి. గోడకి ఆనించి సోఫా వేసుకుంటే ఈ మోత పూర్తిగా తలకెక్కుతుంది. సరిగ్గా గది నడిమధ్యలో కూర్చుంటే అదే స్వరం మాయమవుతుంది. నేను చెప్పేది వింతగా ఉంటే, ఒక పాట పెట్టి, గోడ దగ్గర నుంచి మధ్యకి మెల్లగా నడిచి చూడండి. అదే పాట, అదే వాల్యూమ్. నాలుగడుగుల్లో బాస్ ఉన్నదల్లా లేకుండా పోతుంది.

గొంతుకి ఒక చోటు, బాస్‌కి ఇంకో చోటు

నా అసలు వాదన ఇది. గొంతు ఎదురుగా నిలబడినట్టు వినపడాలంటే స్పీకర్లు ఒక చోట ఉండాలి. బాస్ సమంగా వినపడాలంటే అది వచ్చే పెట్టె ఇంకో చోట ఉండాలి. ఈ రెండు చోట్లూ చిన్న గదిలో దాదాపు ఎప్పుడూ ఒకటి కావు. పెద్ద హాల్లో స్పీకర్లని ముందుకీ వెనక్కీ జరిపి ఏదో ఒక రాజీ కుదుర్చుకోవచ్చు. పది పదకొండులో జరపడానికి చోటేది? టవర్ స్పీకర్ ఈ రెంటినీ ఒకే పెట్టెలో, ఒకే చోట కట్టిపడేస్తుంది. అందుకే వద్దంటున్నాను. అది పెద్దదనీ కాదు, ఖరీదైనదనీ కాదు.

ఆరు నెలల పాటు నేను ఆ టవర్లని జరుపుతూనే ఉన్నాను. నేల మీద చాక్‌పీసుతో గీతలు. బాస్ కాస్త బాగుందనిపించే చోట పెడితే పాడేవాళ్ళు ఎడమ మూలకి పోయేవారు. పాడేవాళ్ళు మధ్యకి వచ్చే చోట పెడితే ఆ పాత మోత. పైగా టవర్లో పై స్వరాలు వాయించే ట్వీటర్ ఒక చోట, వూఫర్లు అడుగున్నర కింద ఇంకో చోట. అయిదారడుగుల దూరంలో కూర్చుంటే ఆ రెంటినుంచి వచ్చే శబ్దం చెవి దగ్గరికొచ్చేసరికి ఇంకా పూర్తిగా కలవదు. తల కాస్త వంచితే ఒకలా, నిటారుగా కూర్చుంటే ఒకలా ఉండేది. వాటికి దూరం కావాలి. నా దగ్గర లేనిదే అది.

దారి చూపించింది ఇంకో మిత్రుడు. రికార్డింగ్ పనులు చేసుకునే మనిషి. కోల్‌కతా కంపెనీ సోనోడైన్ వాళ్ళ అయిదంగుళాల స్టూడియో మానిటర్లు (రికార్డింగ్ గదుల్లో వాడే చిన్న స్పీకర్లు) రెండు, ఒక ఆదివారం కారులో వేసుకుని తెచ్చాడు. టవర్లని హాల్లోకి నెట్టి, ఎత్తు స్టూళ్ళ మీద వీటిని పెట్టాడు. "ఘంటసాల పద్యం ఏదైనా పెట్టు" అన్నాడు.

పాత పాటలే ఎందుకంటే, అవి మోనో. రెండు స్పీకర్లలోనూ ఉన్నది ఒకటే. అలాంటప్పుడు గొంతు రెండు పెట్టెల మధ్య గాలిలో ఒక్క బిందువులా నిలబడాలి. స్పీకర్ జతని పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైనది నాకు తెలియదు. టవర్లలో ఆ గొంతు గోడంత వెడల్పుగా, కొంచెం చెదిరినట్టు ఉండేది. ఆ రోజు అది మధ్యలో, కూర్చున్న మనిషి నోటి ఎత్తులో ఆగింది. రాగం తీస్తూ ఊపిరి అందుకునే చోటు కూడా తెలిసింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎవర్రా ఇంత బాగా పెట్టింది?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. టవర్లు కొన్నాక అమ్మ ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ పెట్టెల్లో కింది బాస్ లేదు. ఉన్నదంతా నిజం. లేనిది లేదు, అంతే. ఉబ్బే స్వరం కూడా చాలా వరకు లేదు.

చిన్న పెట్టె పాత తెలివే

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. డెబ్భైల్లో బీబీసీ ఇంజినీర్లకి ఇదే సమస్య వచ్చింది. బయట కార్యక్రమాలు రికార్డు చేసే వ్యాన్‌లో కూర్చుని గొంతులు సరిగ్గా వస్తున్నాయో లేదో వినాలి. వ్యాన్ అంటే నా గదికంటే ఇరుకు. దానికోసం వాళ్ళు చేసిన ఎల్ఎస్3/5ఎ అనే స్పీకర్ అడుగు ఎత్తు కూడా దాటని పెట్టె. వెనకా ముందూ ఎక్కడా కన్నం లేదు, పూర్తిగా మూసిన పెట్టె. కింది బాస్ జోలికి పోకుండా, గొంతు ఉండే మేర మీదే దృష్టి పెట్టారు. యాభై ఏళ్ళు దాటినా ఆ నమూనాని ఇంకా తయారు చేస్తున్నారంటే ఊరికే కాదు.

మూసిన పెట్టెలో ఇంకో లాభముంది. దాని బాస్ మెల్లగా తగ్గుతుంది, ఒక్కో ఆక్టేవ్ (స్థాయి) కిందికి దిగేకొద్దీ 12 డెసిబెల్లు (శబ్దం బలానికి కొలత). పోర్ట్, అంటే గాలి పోయే కన్నం, ఉన్న పెట్టె ఒక చోటు దాకా బాగా వాయించి, ఆ తర్వాత 24 డెసిబెల్ల చొప్పున పడిపోతుంది. చిన్న గది ఎలాగూ కింది స్వరాలకి కొంత బలం చేరుస్తుంది. మెల్లగా తగ్గే దానికి గది చేర్చే బలం అతికినట్టు సరిపోతుంది. ముందే బాగా వాయించేదానికి అదే బలం చేరితే మోత అవుతుంది.

చివరికి నేను తీసుకున్నది కెఫ్ కంపెనీ వాళ్ళ ఎల్ఎస్50 స్పీకర్లు, సెకండ్ హ్యాండ్‌లో. 2012లో వచ్చిన మోడల్. ఇందులో ట్వీటర్ వూఫర్ నడిబొడ్డులోనే ఉంటుంది కాబట్టి దగ్గర కూర్చున్నా శబ్దం ఒకే చోట నుంచి వచ్చినట్టు ఉంటుంది. దీనికి వెనక పోర్ట్ ఉంది కానీ, మూసుకోవడానికి స్పాంజి బిరడాలు కూడా కంపెనీయే ఇచ్చింది. నేను మూసేశాను. ఇదే కొనమని కాదు. అయిదంగుళాల వూఫర్, మంచి స్టాండ్లు, పక్కకి కూడా ముందుకి వచ్చినంత సాఫీగా శబ్దం పంచే గుణం ఉంటే చాలు. పక్కకి పోయే శబ్దం ఎందుకంటారా? నా గదిలో స్పీకర్‌కి పక్క గోడ రెండడుగుల దూరంలోనే ఉంది. అక్కడ తగిలి వచ్చేది కూడా వింటాం. అది వేరే రంగులో ఉంటే గొంతుకి ఆ రంగు అంటుకుంటుంది.

పవర్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆరడుగుల దూరంలో ఈ చిన్న పెట్టెలు రెండూ ఒక్కో వాట్ తీసుకుంటేనే 80 డెసిబెల్లు దాటుతాయి. ఇంట్లో అది గట్టిగా వినడమే.

నాకే ఉన్న అనుమానాలు

ఇంతవరకూ చదివినవాళ్ళు ఒక మాట అడగాలి. నేనూ నన్ను అడుగుకున్నాను. బాస్ లేని సంగీతం సంగీతమేనా?

ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన 1965 నుంచి కెనడా జాతీయ పరిశోధన మండలిలో, 1991 తర్వాత హార్మన్ కంపెనీలో స్పీకర్ల మీద పని చేశారు. స్పీకర్లని తెర వెనక పెట్టి, ఏది ఏదో తెలియకుండా వినిపించి మార్కులు వేయించారు. తర్వాత షాన్ ఆలివ్‌తో కలిసి అవే స్పీకర్లని కనపడేలా పెట్టి మళ్ళీ వేయిస్తే మార్కులు మారిపోయాయి. చెవులు వేసిన మార్కుల్ని కళ్ళు దిద్దేశాయన్నమాట. షోరూమ్‌లో నడుము ఎత్తు టవర్లని చూసినప్పుడు నాలో జరిగింది ఇదే అని ఇప్పుడు నమ్ముతున్నాను. కానీ అదే ఆలివ్ పనిలో నా వాదనకి అడ్డం పడేది కూడా ఉంది. మనుషులు ఒక స్పీకర్‌ని ఎంత ఇష్టపడతారన్న దాంట్లో సుమారు 30 శాతం, అది ఎంత కింది దాకా బాస్ వాయిస్తుందన్న దాన్ని బట్టే ఉంటుందని తేలింది. కాబట్టి బాస్ అక్కర్లేదని నేను అనలేను, అననూ అనను.

మన కచేరీ సంగీతం వరకూ చిన్న పెట్టె చాలు. ఒకటిన్నర శ్రుతికి తంబూరాలో మంద్ర షడ్జమం, అంటే కింది స, దాదాపు 69 హెర్ట్జ్. గాత్రం, వయొలిన్ దానికి పైనే, వీణ కూడా చాలా వరకు దానికి పైనే. నేను ఎక్కువగా వినేది అదే కాబట్టి ఏడాది పాటు ఆ రెండు పెట్టెలతోనే గడిపాను. కానీ సినిమా పాట పెట్టినప్పుడు కింద ఏదో ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి కొన్నాళ్ళు ప్రయత్నించాను. అది తప్పు.

జవాబు టవర్లోనే ఉందా అంటే, లేదు. బాస్‌ని విడిగా పెట్టుకోవాలి. ఎనిమిదంగుళాల చిన్న సబ్‌వూఫర్లు రెండు, మూసిన పెట్టెలవే, ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి. 80 హెర్ట్జ్ కింద మాత్రమే వాటి పని. ఎదురెదురుగా ఉండడంతో పొడవు వైపు మోతని ఒకదానిది ఇంకొకటి రద్దు చేస్తుంది. గోడ మధ్యలో ఉండడంతో వెడల్పు వైపు మోత లేవదు. ఎత్తు వైపుది, 60 దగ్గరిది, మిగిలింది. దాన్ని స్వరాల బలాన్ని విడివిడిగా మార్చే సెట్టింగ్‌లో కొంచెం తగ్గించాను. ఇది చేసిన రోజు కింద మాస్టారింటికి వెళ్ళి, పాట పెట్టి వచ్చాను, వినండని అడిగాను. కాసేపు గోడకి చెయ్యి ఆనించి, "ఇప్పుడు పాటలా ఉంది" అన్నారు.

సెట్టింగ్‌తోనే అంతా సరిచేయొచ్చు కదా, టవర్లున్నా పర్వాలేదు కదా అనే వాళ్ళున్నారు. ఎక్కువైనదాన్ని తగ్గించొచ్చు, నిజమే. కానీ గదిలో శబ్దం తనని తను రద్దు చేసుకునే చోట ఎంత పెంచినా అంతే రద్దవుతుంది. స్పీకర్ వెనక గోడ వల్ల కూడా అలాంటి గుంట ఒకటి వస్తుంది. టవర్‌ని గోడకి మూడడుగులు ముందుకి లాగితే అది 95 హెర్ట్జ్ దగ్గర పడింది. చిన్న పెట్టె ముఖం గోడకి అడుగున్నరలోనే పెట్టాను కాబట్టి 190 దాకా పైకి పోయింది. అక్కడైతే నాలుగంగుళాల రాక్‌వుల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) కొంతవరకు పట్టుకుంటుంది.

ఇక ఒకదానికి నా దగ్గర జవాబు లేదు. విజయనగరం వైపు ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళు దగ్గరగా నిలబడి చూశాను. ఆ దెబ్బ నేల మీంచి కాళ్ళలోకి వస్తుంది, గుండె మీద పడుతుంది. దాని రికార్డింగ్ నా గదిలో వింటే తాళం తెలుస్తుంది, గజ్జెలు తెలుస్తాయి, ఆ దెబ్బ మాత్రం రాదు. టవర్లున్నప్పుడూ రాలేదు. ఆ మైదానాన్ని పది పదకొండు గదిలోకి తేలేం. ఆ లోటు ఉంది, ఉంటుంది.

డబ్బు గదికి పెట్టండి

స్పీకర్లలో మిగిల్చిన డబ్బు గది గోడలకి పెట్టాలి. మొదట నేను పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టించిన పాత దూది పరుపులు చుట్టి మూలల్లో నిలబెట్టాను. పనిచేశాయి. చప్పట్లు కొడితే టైల్స్‌కీ స్లాబుకీ మధ్య వచ్చే ఆ గలగల తగ్గింది. కానీ వానాకాలం రాగానే మన సముద్రపు తేమకి దూది చెమ్మ పట్టి గదంతా వాసన. అందుకే వడ్రంగితో చెక్క ఫ్రేములు కట్టించి రాక్‌వుల్ నింపించాను. పైన కప్పే బట్ట నోటి దగ్గర పెట్టుకుని ఊదితే గాలి అవతలికి పోవాలి. ఇంట్లో వెతికితే అలాంటివి నాన్న పొందూరు పంచెలు దొరికాయి. ఆయన పోయాక బీరువాలోనే ఉన్నాయి. అమ్మే తీసి ఇచ్చింది. పక్క గోడల మీద ఇప్పుడు ఉన్నవి అవే.

మన ఊరికి సంబంధించినవి ఇంకో రెండు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే వీణ మీద సాగే స్వరం సన్నగా వణుకుతుంది, రెక్కలు శబ్దాన్ని కోస్తాయి కాబట్టి. గంట ముందు ఏసీ వేసి గది చల్లబరిచి, వినేటప్పుడు అన్నీ ఆపేయడమే నేను చేసేది. మే నెలలో ముప్పావు గంటకి మించి కూర్చోలేం, అది కూడా నిజం. ఉప్పుగాలికి వైర్లు బిగించే చోట పచ్చగా చిలుం పడుతుంది. ఆరు నెలలకోసారి విప్పి తుడవాలి. పాత స్పీకర్లు కొనేవాళ్ళు వూఫర్ చుట్టూ ఫోమ్ రింగ్ ఉంటే వద్దనండి, ఈ తేమకి అది పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు రింగ్ ఉన్నవే చూడండి.

ఇదంతా రాస్తుండగానే అక్కయ్యపాలెం మిత్రుడు మళ్ళీ ఫోన్ చేశాడు. 570 లెక్క చెప్పాను. పన్నెండు అడుగులకి 48, తొమ్మిదికి 63. "నీ గది నా గది కంటే నయం, కొలతలు దూరదూరంగా ఉన్నాయి" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "బీరువా బయటికి తీయాలా?" అని అడిగాడు. ఉంచమన్నాను, బట్టలతో నిండిన బీరువా మూలలో ఉంటే మంచిదే. ఆదివారం పొద్దున్నే నా రెండు పెట్టెలూ, స్టాండ్లూ, టేపూ, చాక్‌పీసూ కారులో వేసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. వాడు ఇంకా అడ్వాన్స్ కట్టలేదు.